మా దుర్గ బొమ్మలు చూసినందుకు చేపలు చావలేదు

మా చిన్నప్పుడు టీవీలెక్కడివండీ... టీవీలో కార్టూను బొమ్మలు ఆడ్డం నేను చూసింది నా మనవరాలు దుర్గ చిన్నప్పుడు, కొల్లేట్లో చేపల చెరువు గట్టు మీద. మాది కాపలా పాక. కరెంటు లేదు. సాయంత్రం పని అవగానే మా పెద్దోడు, అంటే దుర్గ నాన్న, చెరువు ట్రాక్టరు బ్యాటరీ విప్పి మోసుకొచ్చి చిన్న టీవీకి తగిలించేవాడు. ఆ గట్ల మీద పాకలన్నిట్లోనూ అదే అలవాటు...

దుర్గ అప్పుడు మూడో తరగతి. చేతులకి బురద ఉండగానే వచ్చి కూర్చునేది. ఆ బొమ్మల్లో బండ కింద పడి అప్పడంలా అయిపోయినవాడు కూడా లేచి పరిగెట్టేవాడు.

"అదేంటే, చచ్చిపోలేదా వాడు?" అంటే, "బొమ్మల్లో ఎవరూ చచ్చిపోరు నాయనమ్మా, నువ్వూరుకో" అనేది.

నేను చెబుతుంటే ఇది ఫోనులో కొడుతున్నది కూడా ఆ దుర్గే. ఇప్పుడెందుకే ఇదంతా అంటోంది. కొట్టమన్నాను. అందరూ చూసేచోటే పెట్టమన్నాను... నింద పడింది అందరి ముందేగా.

ఆ ఏడు వానాకాలం వదలని ముసురు. ఎండ లేకపోతే నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోయి, తెల్లారగట్ల చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. వెంటనే ట్రాక్టరు పెట్టి కాలవ నీళ్లు తోడి పొయ్యాలి. ఆ రోజు తేలాయి... ట్రాక్టరు స్టార్టవలేదు. బ్యాటరీలో ప్రాణం లేదు. బురద గట్టు, నెట్టినా కదల్లేదు. పక్క చెరువు ట్రాక్టరు వచ్చేసరికి బొచ్చెలు, శీలావతులు తెల్లటి పొట్టలు పైకి పెట్టేశాయి.

చెరువు యజమాని వచ్చాడు. "రాత్రి టీవీ ఎవరు పెట్టారురా?" అన్నాడు.

మావాడు తల వంచుకున్నాడు. "పిల్లండి... నేను చూడకుండా బ్యాటరీ తీసేసిందండి" అన్నాడు.

ట్రాక్టరు బ్యాటరీ అండీ. మగవాళ్లే నడుం పట్టుకుని దింపుతారు. అక్కడ చేరిన గట్ల వాళ్లందరికీ తెలుసా సంగతి. నేను అడ్డం వెళ్లాను. "ఏవండీ, ఆ బరువు ఈ పిల్ల మోస్తుందా? బ్యాటరీ పోయింది, కొత్తది వేయించండని ఎండాకాలం నించీ మొత్తుకుంటున్నాం కదండీ" అన్నాను.

"నువ్వు లోపలికెళ్లమ్మా" అన్నాడాయన. కన్నకొడుకూ అదే అన్నాడు... లోపలికి పొమ్మని.

తప్పు పిల్ల మీదకి నెడితే పని నిలబడుతుందనుకున్నాడు వాడు. నిలబడలేదు. చేపల్ని గోతిలో పూడ్చి పాక ఖాళీ చెయ్యమన్నారు. పూడుస్తుంటే దుర్గ ఒక్కో చేపనీ పుల్లతో కదిపి చూసేది... లేస్తుందేమోనని.

తాడేపల్లిగూడెం వచ్చి రైసు మిల్లులో చేరాం. తాగినప్పుడల్లా మావాడు "నీ బొమ్మల మూలంగానే రోడ్డున పడ్డాం" అనేవాడు దాన్ని. అబద్ధం చెప్పీ చెప్పీ ఆఖరికి వాడే నమ్మేశాడు. పోయేదాకా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. నా కడుపున పుట్టినవాడే... అయినా తప్పు తప్పే.

ఇప్పుడు దుర్గకో కూతురు. అన్నం దగ్గర పిల్ల ఫోనులో బొమ్మలు పెట్టుకుంటే, ఇది కంచం వదిలేసి బయటికెళ్లిపోతుంది. బ్యాటరీ మోసింది మీ నాన్నేనే అంటాను. "చూసింది నేనేగా నాయనమ్మా" అంటుంది.

ఈ రోజుల్లో బ్యాటరీ అయిపోతే ఛార్జరు పెట్టుకుంటున్నారు... ఏ ఇంటి కూడూ పోవట్లేదు. మంచిదే. మీరంతా చిన్నప్పుడు ఏ బొమ్మలు చూశారో రాయండి. నాకు చదువు రాదు, మీరు రాసినవి దుర్గే చదివి వినిపించాలి. అందుకని అడుగుతున్నాను... బొమ్మలు చూసిన పిల్లదా తప్పు? నేను చెబితే ముసలిదాని గారం అనుకుంటోంది. మీరు చెప్పండి.