తేమ చూసేదాని చేతికే తేమ

మొన్న ఆదివారం కరీంనగర్ల అందరి ముంగట నన్ను వడ్ల లెక్క ఎండల ఆరబెట్టిండ్రు! నిజం చెప్తున్న. ముచ్చటంత చెప్త గని, మధ్యల ఎవ్వరు నవ్వద్దు. ఖైరున్నీసక్కా, నువ్వు ముందుగాల ఆ ఛాయ్ గిలాస కింద పెట్టు. తాగుకుంట నవ్వితే నీకు పొలమారుతది.

నా పని మీకు ఎరికే గదా. సుల్తానాబాద్ దిక్కు మా మహిళా సంఘపోళ్ల వడ్ల సెంటర్ల తేమ చూసుడు. ఎనిమిదేండ్ల సంది నాదే రాజ్యం. మిషన్ల తేమ నూటికి పదిహేడు లోపు వస్తే వడ్లు కాంటాకు పోతయి. పదిహేడు దాటితే, అది పాయింట్ ఒకటే కానీ, వాపస్! మళ్ల రోడ్డు మీద పరిచి ఆరబెట్టాలె. "పొద్దున ఇంట్ల చూసుకున్న మేడం, గలగలమంటున్నయి" అని రైతు అంటడు. "మీ ఇంటి లెక్క గీడ నడువది. మిషన్ చెప్పిందే లెక్క" అని నేనంట. ఎంత పెద్ద పటేలైనా నా ముంగట చేతులు కట్టుకొని నిలబడాల్సిందే.

చూసుడుల కూడ నాదొక పద్ధతి ఉన్నది. అందరి లెక్క డబ్బతోని ముంచి పొయ్య. కుప్పల మోచేతి దాక చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, రెండు చేతులల్ల బాగ నలిపి, తాలు ఊది, గప్పుడు మిషన్ల పోస్త. ఇంకో వింత చెప్పాల్నా? మొదటిసారి ఎక్కువొచ్చిన వడ్లు, నేను రైతును ఒక పది నిమిషాలు గట్టిగ అరుసుకున్నంక మళ్ల చూస్తే తక్కువొస్తయి. ఎన్నిసార్లో అయింది గట్ల. "మన సువార్తక్కకు మనుషులే కాదు, వడ్లు కూడ భయపడి ఎండుతయి" అని హమాలీలు అంటరు. నేను గూడ నిజమే అనుకున్న. నా నోటి మీద నాకు గంత నమ్మకం.

ఇగ నా చేతుల సంగతి. చిన్నప్పటి సంది అరచేతులల్ల ఒక్కటే చెమట. బడిల సారు నా నోటుబుక్కు పట్టుకొని "వానల తెచ్చినవా?" అన్నడు, ఎండకాలంల! చర్చిల పాస్టరయ్య షేక్‌హ్యాండ్ ఇస్తె, ఆయన పాపం ఇటు తిరిగి మెల్లగ పాంటుకు తుడుసుకుంటడు. ఫోను నా వేలును గుర్తు పట్టది. ఒక్క గాజులమ్మే ఆమెకే నా చేతులంటే ప్రేమ. "నీకు సబ్బు అక్కర లేదు బిడ్డా" అంటది.

గీ చెమటతోనే పోయినసారి గ్రూపు పరీక్షల కొంప మునిగింది. నలుపు పెన్నుతోని గుండ్రాలు దిద్దాలె గదా. దిద్దిన కాడికి దిద్దిన, మీద అరచెయ్యి పడ్డది, మూడు గుండ్రాలు కలిసి ఒక్క చెరువైనయి. నంబరు దిద్దిన కాడ కాగితం ఉబ్బి చినిగింది. నా షీటు లెక్కలకే రాలే. రెండేండ్ల చదువు చెమటల కొట్టుకపోయింది. ఆరోజు బస్సుల కూసొని బస్టాండు దాక ఏడ్చిన. మీకు ఇప్పుడే చెప్తున్న.

అందుకే ఈసారి మా ఆయనకు మాట ఇచ్చిన. ఇదే ఆఖరుసారి. గీ పరీక్ష గనక చెమటల కలిస్తే పుస్తకాలన్ని కట్టగట్టి పాతసామాన్లోనికి ఏస్త, ఇగ వాటి పేరే ఎత్తను. మాట ఇస్తే తప్పేదాన్ని కాను, అది మీకు ఎరికే. కొలువు వస్తదో రాదో తర్వాత ముచ్చట. నా షీటు పొడిగ వాళ్ల చేతుల పెట్టాలె, గంతే.

డాక్టరు మందు రాసిండు, రోజు పడుకునేముందు పూసుకోమన్నడు. నాలుగు రోజులు పూసిన, ఐదో రోజు వడ్ల సీజన్ మొదలాయె, మర్చిపోయిన. ఖైరున్నీసక్క పటిక నీళ్లల్ల చేతులు ముంచమన్నది. మంచిగనే పనిచేసింది అక్కా, నీ తప్పేం లేదు. కానీ నాకు తెలివి ఎక్కువ గదా! "ఎనిమిదేండ్లు తేమ చూసినదాన్ని, నాకు ఒకలు చెప్పాల్నా?" అనుకొని రైసు మిల్లు కాడికి పోయి ఒక కవరు నిండ ఊక బూడిద తెచ్చిన. మిల్లుల నూనె కారినా, నీళ్లు కారినా దాన్నే చల్లుతరు, క్షణంల గుంజేస్తది. మా బిడ్డ చూసి "అమ్మా, నల్లగుంది గదనే, అంటుతది" అన్నది. "నువ్వు ఇంటర్ చదువుతున్నవు, నేను సెంటర్ నడుపుతున్న. ఊకో" అన్న.

ఆదివారం పొద్దుగాల బస్సు ఎక్కిన. బస్సుల చేతులకు బూడిద పూసుకున్న. ఆహా! పొడిగ, గరగర. కిటికీల నుంచి కరీంనగర్ కనపడంగనే నాకు అప్పుడే ఆఫీసర్ అయినట్టు అనిపించింది.

సెంటర్ ఊరవతల ఒక కాలేజీల. గేటు తొమ్మిది ముప్పావుకు బంద్. నేను పోయేసరికి ఇంక అర్ధగంట ఉన్నది. లైన్ల నిలబడ్డ. ఎండ చూస్తె మండుతున్నది, గుండె చూస్తె దడదడ. ఇంకేముంది, అరచేతులల్ల ఊట మొదలాయె. బూడిద, చెమట కలిసి ఏమైతదో నేను సోంచాయించలే. పొయ్యి మీద మసిగిన్నె తోమినప్పుడు చేతులు ఎట్లుంటయి? గట్లయినయి. హాల్‌టికెట్ మీద ఐదు వేళ్లు నల్లగ పడ్డయి. నా ఫొటోకు మీసాలు కూడ వచ్చినయి.

గేటు పక్కన వేలిముద్రలు తీసే టేబుల్ కాడికి చేరిన. మిషన్ ముంగట ముప్పై ఐదేండ్ల మనిషి, మెడల కార్డు, పెద్ద మీసం. నా చేతులు చూసి "ఏంది మేడం, మెహందీ పెట్టుకోవద్దని హాల్‌టికెట్ మీద రాసిండ్రు గదా?" అన్నడు.

"మెహందీ కాదు. ఊక బూడిద."

"పరీక్షకు బూడిద ఎందుకు మేడం?"

ఎనుక లైనంత మెడలు సాపి చూస్తున్నరు. "నల్లా కాడికి పోయి కడుక్కొని రాండ్రి" అన్నడు. ఉరికిన. రుద్ది రుద్ది కడిగి, కొంగుకు తుడుసుకొని వచ్చిన. వేలు పెట్టిన. మిషన్ ఎర్ర లైటు. మళ్ల పెట్టిన. ఎర్ర లైటే. బొటనవేలు, చూపుడువేలు, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, పది వేళ్లు అయిపోయినయి. అద్దం మీద నీళ్లు నిలిచినయి. ఆయన బట్టతోని అద్దం తుడుసుకుంట నా మొఖం దిక్కు చూసిండు, హాల్‌టికెట్ దిక్కు చూసిండు, మెల్లగ నవ్విండు.

"సువార్త మేడం గదా? వడ్ల సెంటర్ మేడం?"

"అవు."

"నేను మల్లేశంను. పోయిన వానకాలం రెండు ట్రాక్టర్ల వడ్లు తెచ్చిన. పదిహేడు పాయింట్ రెండు వచ్చిందని వాపస్ పంపిండ్రు. మూడు దినాలు రోడ్డు మీద ఆరబోసుకొని, రాత్రులు నేను, నా భార్య ఆడనే పన్నం. పరీక్షలున్నప్పుడు గీ పని చేస్త, మిగతప్పుడు ఎవుసం."

ఆయన మిషన్ పక్కకు జరిపి, అచ్చం నా గొంతుతోనే అన్నడు: "తేమ ఎక్కువున్నది మేడం. ఆరబెట్టుకొని రాండ్రి."

"సార్, పొద్దున ఇంట్ల చూసుకున్న, మంచిగ ఎండే ఉన్నయి!" అన్న. నోట్లకెళ్లి వచ్చినంక తెలిసింది నేనేమన్ననో.

"మీ ఇంటి లెక్క గీడ నడువది మేడం. మిషన్ చెప్పిందే లెక్క."

ఎవ్వరు నవ్వద్దన్న గదా! ఖైరున్నీసక్కా!

ఇగ చేసేదేముంది. గేటు పక్కన ఎండల నిలబడ్డ. రెండు చేతులు ముందుకు సాపి, అరచేతులు పైకి పెట్టి. "ఒక్క దిక్కే పెడితే ఎండది మేడం, జర బోర్లెయ్యుండ్రి" అని ఆడికెళ్లి మల్లేశం అంటడు. బోర్లేసిన. "ఇప్పుడు ఎల్లకిలెయ్యుండ్రి." ఏసిన. ఎనుకొచ్చినోళ్లంత లోపలికి పోతున్నరు. ఒక పెద్దమ్మ మనుమరాలిని దిగబెట్ట వచ్చి, నేనేదో ప్రార్థన చేస్తున్న అనుకొని తను కూడ పక్కన చేతులు సాపింది.

గేటు బంద్ అయ్యెతందుకు ఆరు నిమిషాలు. మళ్ల పెట్టిన, ఎర్ర లైటు. నాలుగు నిమిషాలు. ఎర్ర లైటు. నాకు ఏడుపొచ్చింది. రెండేండ్లు, మా ఆయనకు ఇచ్చిన మాట, ఆఖరుసారి, అన్ని కండ్ల ముంగట తిరిగినయి. భయపడ్డకొద్ది చేతులు కారుతున్నయి. చేతులు కారినకొద్ది భయమైతున్నది.

గప్పుడు మల్లేశం అన్నడు, "నిజం చెప్పుండ్రి మేడం, మీకు మిషన్ చూసుడు అసలు వస్తదా?"

ఏందీ? నాకా? మిషన్ చూసుడు రాదా? ఏడుపు ఏడికి పోయిందో పోయింది!

"ఓ మల్లేశం! ఎవలతోని మాట్లాడుతున్నవో తెలుసా? ఎనిమిదేండ్లు! ఒక్క సంచి మిల్లుకెళ్లి వాపస్ రాలే! నీ వడ్లు పచ్చిగుంటే నేనేం జెయ్యాలె? నా మొగనివి అయినా వాపస్ పంపుత! నువ్వు నాకు నేర్పుతవా?" అని వేలు ఆడిచ్చుకుంట దులిపేసిన. గంతల ఆయన, నేను తిట్టే వేలును తటుక్కున పట్టుకొని అద్దం మీద పెట్టిండు.

పచ్చ లైటు!

"భయపడితే కారుతున్నయి గదా మేడం, కోపం వస్తే ఆరుతయేమోనని రెచ్చగొట్టి చూసిన. ఉరుకుండ్రి, రెండు నిమిషాలున్నది" అన్నడు. తిట్టిన నోటితోనే దండం పెట్టి ఉరికిన.

లోపల షీటు ఇచ్చిండ్రు. తెల్లగ, పొడిగ ఉన్నది. చూడంగనే మళ్ల ఊట! కానీ ఇప్పుడు నాకు మందు తెలుసు గదా. పెదవుల మధ్యల మల్లేశంను తిట్టుడు షురూ చేసిన. ఒక్కొక్క గుండ్రం దిద్దుడు, ఒక్కొక్క తిట్టు. "మిషన్ చూసుడు రాదంటవా?" బి. "నీ మీసం పాడుగాను!" డి. ఇన్విజిలేటర్ మేడం వచ్చి "ఏమ్మా, పక్కోళ్లకు ఆన్సర్లు చెప్తున్నవా?" అన్నది.

"లేదు మేడం, రైతుతోని కొట్లాడుతున్న."

ఆమె నా మొఖం చూసి రెండడుగులు ఎనుకకు పోయింది, ఇగ మళ్ల నా దిక్కు రాలే. షీటు మాత్రం కడక్, అప్పడం లెక్క! ఒక్క మరక లేదు. ఈసారి బస్సుల ఏడువలే, కిటికీ పక్కన కూసొని పల్లీలు తినుకుంట వచ్చిన.

కథ గీడ అయిపోతే నేను గెలిచినట్టే. అయిపోలే.

నిన్న పొద్దుగాల సెంటర్‌కు పోతే, మొదటి ట్రాక్టరు ఎవలది? మల్లేశంది! ఈ ఎండకాలం కోసిన యాసంగి వడ్లు. మీసం కింద గదే నవ్వు. నాకేమో నిన్నగాక మొన్న తిట్టిన సిగ్గు, ఆయన చేసిన మేలు యాదికొచ్చి మొహమాటం. తల దించుకొని కుప్పల చెయ్యి పెట్టిన, గుప్పెడు తీసిన, రెండు చేతులల్ల బాగ నలిపిన, ఊదిన, మిషన్ల పోసిన.

పదిహేడు పాయింట్ రెండు.

"మల్లేశం, ఏమనుకోకు, రూలు రూలే..." అని మొదలు పెట్టిన. ఆయన నా చేతుల దిక్కు చూస్తుండు. హమాలీలు గూడ చూసిండ్రు. నేను కూడ చూసుకున్న. రెండు అరచేతులు తడితడిగ ఉన్నయి, నాలుగు వడ్ల గింజలు అంటుకొని నిగనిగ మెరుస్తున్నయి.

మల్లేశం ఒక కాగితం గిలాస నా ముంగట పెట్టిండు. "జర చెయ్యి తాకకుంట, దీంతోని తీసి చూడుండ్రి మేడం" అన్నడు.

గదే కుప్ప. గదే మిషన్. పదహారు పాయింట్ ఆరు.

ఇంకోసారి చూసిన. పదహారు పాయింట్ ఆరు. నా చేతిల నలిపి చూసిన. పదిహేడు పాయింట్ మూడు!

వడ్లు నాకు భయపడి ఎండుడు కాదు, నేను అరిసినప్పుడు నా చేతులు ఎండినయి! ఇన్నేండ్లల్ల ఎంతమందిని వాపస్ పంపిననో, వాళ్లల్ల ఎందరు నా చెమటకు రోడ్ల మీద పన్నరో దేవునికే ఎరిక. మంచిగ సిగ్గయింది నాకు. "మల్లేశం, తప్పయింది. నీ భార్యకు కూడ చెప్పు" అన్న. హమాలీల ముంగటనే అన్న.

ఆయన మంచోడే. "పోనియ్యుండ్రి మేడం, మొన్న ఎండల నిలబెట్టిన గదా, చెల్లుకు చెల్లు" అన్నడు. కాంటా పెట్టిపిచ్చిన, సంచులు ఎక్కినయి. పొయ్యేటప్పుడు ట్రాక్టరు మీదికెళ్లి ఒర్రిండు, "రేపటిసంది డబ్బతోని తీయుండ్రి మేడం! చెయ్యే పెడుత అంటె మాత్రం, ముందుగాల మీరే ఎండి రాండ్రి!"

ఇగ నవ్వుండ్రి. ఎనిమిదేండ్లు మిషన్ కరెక్టే చెప్పింది. పచ్చిగున్నది వడ్లు కాదు, మేడం!