ఉడకని సూది

పూతలపట్టు చుట్టుపక్కల పల్లెలకు సంతోషమ్మ నర్సమ్మగా వచ్చిన రెండో వేసవిలో కలరా తగులుకుంది. డెబ్బైల మొదట్లో మాట. జనం దాన్ని వాంతిబేది అనేవాళ్ళు, అదీ గొంతు తగ్గించి. పొద్దున చెరకుతోటకు నీళ్ళు కట్టిన మనిషి సాయంత్రానికి కళ్ళు గుంటలు పడి మంచంలో ఉండేవాడు. ఆసుపత్రిలో మంచాలు చాలక వసారాలో చాపలు పరిచారు. సెలైన్ సీసాలు అడుగంటాయి. వాటి కోసం డాక్టరు సుబ్రమణ్యం చిత్తూరు చుట్టూ తిరుగుతున్నాడు. పల్లెల్లో టీకాలు వేసే పని సంతోషమ్మ మీద పడింది.

ఆ రోజు ఒక ఊళ్ళో బడి ముందర మొదలైన వరస రోడ్డు దాకా సాగింది. ఆమె దగ్గరున్నవి కొద్దిపాటి సూదులే. ఒకరికి వేసిన సూది మళ్ళీ ఉడికితేగానీ ఇంకొకరికి వేయకూడదు. ఎండ నెత్తికెక్కే వేళకు స్టవ్వులో కిరసనాయిలు అయిపోయింది. మూడు రాళ్ళు పెట్టి, మామిడి పుల్లలు ఏరుకొచ్చి ముట్టించింది. గాలికి మంట పక్కకు పోతోందే గానీ గిన్నెలో నీళ్ళు మరగడం లేదు.

ఊరి ప్రెసిడెంటు సుందరరాజు వరస దాటుకుని వచ్చాడు.

"ఏమ్మా, జనాలు రాలిపోతా ఉంటే నువ్వు ఈడ వంట మొదలుపెట్టినావా? ఆ సూదితోనే అందరికీ ఏసెయ్."

"ఒకరి రోగం ఇంకొకరికి ఎక్కుతాదన్నా. ఉడకనీ."

"పక్కూర్లో అట్లనే ఏసినారంట."

"ఏసుంటారు. నేను ఏయను."

వరసలో గొణుగుడు లేచింది. వెంకటముని అనే రైతు తువ్వాలు దులుపుకుని పక్కకు వచ్చాడు. "గానుగ కాడ పాకం పొయ్యి మీద ఉండాది తల్లీ. ముదిరిందంటే బెల్లం చెడిపోతాది. రేపొస్తాలే."

"కొంచెం సేపు ఉండు పెద్దాయనా," అంటూ ఆమె లేచింది. అతను అప్పటికే గట్టెక్కి నడుస్తున్నాడు. వెంటపడి పిలుద్దామా అనుకుంది. వెనక మంట ఆరిపోయేలా ఉంది. మళ్ళీ పొయ్యి ముందు కూర్చుని ఊదింది.

మర్నాడు ఆమెను ఇంకో ఊరికి పంపారు. ఆ తర్వాతి రోజు పొద్దున్నే వెంకటమునికి తగిలిందని కబురు. సెలైన్ తెమ్మని డాక్టరుకు కబురు పెట్టి పరుగున వెళ్ళింది. అతని నాలుక పిడచకట్టుకుపోయింది. భార్య ఆనందమ్మ నీళ్ళచెంబు దూరంగా జరిపి కూర్చుంది.

"నీళ్ళు తాపలేదా అమ్మా?"

"తాపితే బేది ఎక్కువైతాదని అందరూ చెప్తిరే!"

కాచిన నీళ్ళలో ఉప్పూ బెల్లమూ కలిపి సంతోషమ్మ గరిటెతో పోసింది. కక్కాడు. మళ్ళీ పోసింది. వాకిట్లోకి పోయి రోడ్డు చూస్తుంది, లోపలికొచ్చి నాడి పట్టుకుంటుంది, మళ్ళీ వాకిట్లోకి పోతుంది. సెలైన్‌తో జీపు వచ్చేసరికి చేతుల్లో నరం దొరకలేదు. డాక్టరు ఎలాగో కాలి నరం పట్టాడు. సీసా సగమైనా దిగకముందే వెంకటముని పోయాడు.

జీపు దగ్గర డాక్టరు అన్నాడు. "ఆ రోజు టీకా వేసినా అది పని చేయడానికి వారం పట్టేది సంతోషమ్మా. నీ తప్పేం లేదు."

"తెలుసు సార్," అంది. తెలిసినా లోపల పెనుగులాట ఆగలేదు. ఉడకని సూది ఎవరికీ వేయలేదు, అది నిజం. గట్టు మీద నడిచిపోతున్న మనిషిని ఆపలేదు, అదీ నిజమే. నడుస్తున్నా, అన్నం ముందు కూర్చున్నా ఈ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూనే ఉన్నాయి.

తర్వాత ఏ ఊరికి పోయినా కట్టెలూ పెద్ద పొయ్యీ సిద్ధమయ్యాకే జనాన్ని పిలవమనేది. సుందరరాజు తన బండిలోనే కట్టెలు తోలించాడు.

వెంకటముని కర్మంతరం అయ్యాక ఆనందమ్మకు టీకా వేయడానికి వాళ్ళింటికి వెళ్ళింది. ఆనందమ్మ చాలాసేపు ఆమె చేతిలోని సూదినే చూసింది.

"ఉడికిందా నర్సమ్మా?"

అడిగిందో, దెప్పిందో సంతోషమ్మకు అర్థం కాలేదు.

"ఉడికిందమ్మా."

ఆనందమ్మ మొహం పక్కకు తిప్పుకుని చేయి చాచింది. సూది వేసి, దూదితో అదిమి పట్టింది సంతోషమ్మ. సంచీ భుజాన వేసుకుని పక్కింటి గుమ్మం వైపు నడిచింది.