తేదీ గడికి ముప్పై మార్కులు

ఏ సందేహమైనా కాగితం మీద గళ్లు గీస్తే తేలిపోతుందని నేను గట్టిగా నమ్మిన రోజులవి. డిప్లొమా పూర్తిచేసి చిత్తూరులో మొదటి ఉద్యోగంలో చేరాను. సబ్బు కొనాలన్నా పట్టిక వేసేవాణ్ణి (స్నేహితులు నన్ను ‘పట్టిక’ అనే పిలిచేవారు). లోకమంతా బ్యాటరీ వాచీలకు మారిపోతుంటే నాకు పాత కీ వాచీలు సేకరించాలన్న పిచ్చి పట్టింది. కొండమీద హుండీలో భక్తులు వేసిన వాచీలను వేలంలో పాడుకుని అమ్మే వ్యాపారి ఒకాయన తిరుపతిలో ఉండేవాడు. ఆయన దగ్గర నేను వెతుకుతున్న మోడలు రెండు రకాల్లోనూ దొరికింది: తేదీ లేని నల్ల డయలు, తేదీ గడి ఉన్న తెల్ల డయలు. ఏది తీసుకోవాలో తేల్చుకోవడానికి నాలుగు ఆదివారాలు బస్సెక్కాను. భూతద్దంతో గాజు మీది గీతలు లెక్కపెడుతుంటే ఆయనకు ఒళ్లు మండింది.

“ఏందప్పా, పెండ్లిసూపులకు వచ్చినట్టు వారం వారం వచ్చి సూసి పోతాండావు? పిల్ల నచ్చిందో లేదో సెప్పు!”

నల్లదానికి డెబ్బై ఎనిమిది మార్కులు, తెల్లదానికి అరవై నాలుగు వచ్చాయి. రెండూ కొన్నాను. (మరి పట్టిక ఎందుకని అడగకండి. ఆయనా అడిగాడు.)

మా ఊరు ఐరాలలో మా అవ్వకు వాటి పుట్టుపూర్వోత్తరాలు గొప్పగా చెప్పడం నా తప్పు. “మొక్కుకొని స్వామికి ఏసినదాన్ని చేతికి కట్టుకుంటావంట్రా?” అంటూ అన్నం ముందు నుంచి లేచిపోయింది. చివరికి తనే ఒక దారి చూపించింది. “ఒగటి మళ్లా స్వామికే ఏసేయ్. రెండోది ఆయన ఇచ్చినాడనుకొని కట్టుకో. ఏది మంచిదో నాకు సెప్పు.”

మంచిదే హుండీకి పోతుందని నాకు అర్థమైంది. నల్లదాన్ని వదులుకునే ప్రసక్తే లేదు. సాంకేతిక విద్య చదివినవాడు అబద్ధం చెప్పడు, వెయిటేజీ మారుస్తాడు. తేదీ గడికి ఉన్న పది మార్కులను ముప్పై చేశాను. తెల్లది ఎనభై నాలుగుతో దర్జాగా గెలిచింది.

కొండమీద హుండీ ముందు అవ్వ రెండు వాచీలూ చేతిలోకి తీసుకుంది.

“ఏదిరా మంచిది?”

“తెల్లదే అవ్వా. కాయితంలో గూడా దానికే ఎక్కువ మార్కులు వచ్చినాయి.”

“అట్నా? అయితే అది నువ్వు పెట్టుకో నాయనా. స్వామేమన్నా బస్సుకు పోవాల్నా, టైము సూసుకునేదానికి?”

నేను నోరు తెరిచేలోగా నల్లదాన్ని కళ్లకద్దుకుని హుండీలో వేసేసింది. వెనకనుంచి జనం తోశారు. అయినా ఏమని మొరపెట్టుకోను? మార్కులు వేసింది నేనే.

కొండ దిగే బస్సులో అవ్వ పక్క సీటామెకు నా చెయ్యి ఎత్తి చూపించింది. “మా మనవడమ్మా. మంచిది వానికే ఇచ్చినాను, స్వామి ఏమీ అనుకోడులే.” నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. అప్పటి ఆ ‘పట్టిక’ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. గాజు మీది గీతలకు కూడా గడి గీశాడు కానీ, దేవుడికీ మనవడికీ మధ్య అవ్వ ఎటు మొగ్గుతుందో దానికి మాత్రం గీయలేదు, పాపం.