సొట్ట పడిన నంబరు ప్లేటు

తండ్రి పోయిన ఏడో రోజున, పూజ ముగించి బౌద్ధ సన్యాసి ఇంకా చెప్పులు తొడుక్కుంటుండగానే, అన్న నోబుతాకా చెల్లెలి ముందు చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇలా ఇవ్వు. నువ్వు రేపో మాపో పెళ్ళయి పోయేదానివి. బండి ఇంట్లో ఉండాలి."

సుమియె ఇచ్చేసింది. అప్పటికి నోబుతాకాకు కారు నడపడం రాదు. నగోయాలో ఏదో కంపెనీలో ఉండి తండ్రి అంత్యక్రియలకు దిగిన మనిషి. ఆ చిన్న పబ్లికా కారు కొన్ననాటి నుంచీ నడిపింది సుమియె ఒక్కతే. తండ్రి ఫురుహాటా పట్టుపురుగుల గుడ్లు అమ్మేవాడు. లైసెన్సు పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడోసారి సిగ్గుపడి, తనకు బదులు కూతుర్ని పంపాడు. వసంతకాలమంతా అజుమినో పల్లెలన్నీ ఇద్దరూ తిరిగేవాళ్ళు. గుడ్లు అంటించిన కాగితాలను గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఆయన పక్కన కూర్చునేవాడు. వేడి తగిలితే పురుగు ముందే బయటికొస్తుంది, అప్పటికి మల్బరీ ఆకు ఉండదు, రైతు మునుగుతాడు. అందుకని బయట మంచు పడుతున్నా హీటరు వెయ్యనిచ్చేవాడు కాదు. ఆమె కాళ్ళు కొయ్యబారి, క్లచ్ మీద ఉన్నది తన పాదమో కాదో తెలిసేది కాదు.

ఒక శరదృతువులో ఒక రైతు వాకిట్లో కారు వెనక్కి తీస్తూ, ఈతపండు రంగు పళ్ళతో నిండిన కాకి అనే పళ్ళచెట్టుకు గుద్దింది. వెనకాల నంబరు ప్లేటు మూల లోపలికి వంగింది. తిట్టు తప్పదనుకుంది. తండ్రి దిగి చూసి, "పోనీలే, మనూళ్ళో ఇలాంటి బండ్లు ఎక్కువవుతున్నాయి. ఇది మనదని ఇప్పుడు దూరం నుంచే తెలుస్తుంది," అన్నాడు. ఆ మూలను ఎవరూ సరిచెయ్యలేదు.

పెళ్ళి జరగలేదు. అయినా తాళంచెవి తిరిగి రాలేదు. సుమియె బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే వంటశాలలో చేరి, పెద్ద గంటెలు తిప్పీ తిప్పీ భుజాలు అరగదీసుకుని రిటైరైంది. పట్టుపురుగుల వ్యాపారం పోయాక కారు అద్దె షెడ్డులో ఎలుకలకు ఇల్లయింది. ఉద్యోగం ముగిశాక నోబుతాకాకు హఠాత్తుగా దాని మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఇంజను విప్పించాడు, సీట్లు కుట్టించాడు, రంగు వేయించాడు. పాత కార్ల వాళ్ళ మేళాల్లో నిలబెట్టి, "మా నాన్న బండి," అని ఫొటోలు దిగాడు. చెల్లెలు ఒక్కసారి అడిగింది: "గుడి దాకా నడిపి తెస్తానన్నయ్యా."

"క్లచ్ కొత్తది వేయించాను, పాడు చేస్తావు," అన్నాడాయన.

ఆమె మళ్ళీ అడగలేదు. డెబ్భై నిండగానే పోలీసు స్టేషనుకు వెళ్ళి లైసెన్సు అప్పజెప్పేసి వచ్చింది.

ఆ చలికాలంలోనే నోబుతాకా పోయాడు. భార్య ముందే పోయింది, పిల్లలు లేరు. నలభైతొమ్మిదో రోజు భోజనాల దగ్గర బంధువులంతా ఆయన్ని ఎంత మంచివాడని తలుచుకుంటుంటే సుమియె ఊరబెట్టిన ఆకుకూర ముక్కలు నములుతూ వింది. పోయినవాళ్ళ కళ్ళు చారడేసి అంటారు. కారు ఆమె వంతుకు వచ్చింది. పేటలోని ప్రభుత్వ ఫ్లాటులో ఉండే మనిషికి కారు పెట్టే చోటు లేదు. అన్న కారు పెట్టిన షెడ్డును మార్చి ఆఖరుకల్లా ఖాళీ చెయ్యాలని స్థలం ఆసామి అప్పటికే చెప్పి ఉన్నాడు.

"అత్తా, నువ్వేం బెంగపెట్టుకోకు," అన్నాడు షోగో, పినతండ్రి మనవడు, పంచాయితీల్లో ముందుండే రకం. "ఏప్రిల్ వస్తే పన్ను పడుతుంది. అందరూ చేసేదే, ముందే ప్లేట్లు ఊడదీసి రవాణా ఆఫీసులో ఇచ్చేద్దాం. బండి రిజిస్ట్రేషను లేకుండా పడి ఉంటుంది, తర్వాత ఎవరో ఒకరికి తోసేద్దాం. ఇక్కడ నీ ముద్ర కొట్టు."

ఆమె సంతకానికి బదులు తన పేరున్న ముద్ర కొట్టింది. ఆ దేశంలో బుద్ధున్న ప్రతివాడూ మార్చి నెలలో చేసే పనే అది.

పది రోజులయ్యాక కారు కొంటానని టోక్యో నుంచి కుగా అనే ఆయన వచ్చాడు. మెత్తటి మాట, తెల్లటి చేతి తొడుగులు. కారు చుట్టూ తిరిగి, పడుకుని కింద చూసి, లేచి మెచ్చుకున్నాడు. తర్వాత వెనక ప్లేటు దగ్గర వంగి నవ్వాడు.

"ఊరి పేరు పక్కన ఒకే అంకె. ఇలాంటివి ఇప్పుడు ఎక్కడున్నాయండీ. పాపం, ఇది పోతుంది."

"పోవడమేమిటి?"

"నాది టోక్యో కదా. నా పేరుకు మారగానే టోక్యో ప్లేటు. అదొక్కటే కాదు, ప్లేటు ఒకసారి ఆఫీసులో అప్పజెబితే చాలు, ఈ నంబరు మళ్ళీ పుట్టదు. ఈ ప్లేటు మీదున్న మత్సుమోతో పరిధిలోనే గ్యారేజీ ఉన్నవాళ్ళకి, తియ్యకుండా ఇస్తేనే నిలుస్తుంది. కావాలంటే బెజ్జం కొట్టి మీకే గుర్తుగా ఇస్తారులెండి."

"బెజ్జమా?" అంది సుమియె.

అప్పుడు చూసింది ఆమె కారును సరిగ్గా. రంగు అన్నది. సీట్లు అన్నవి. ఇంజను లోపలి సగం సామాను అన్న తెప్పించింది. ఆయన చెయ్యి పడనిది ఆ వంగిన మూల ఒక్కటే. కుగాకు టీ పోసి, క్షమాపణ చెప్పి, అమ్మనని పంపేసింది. తలుపు వేసిన మరుక్షణం షోగో గుర్తొచ్చాడు. వెంటనే వాడికి ఫోను చేసింది.

మోగింది గానీ వాడు ఎత్తలేదు. మళ్ళీ చేసింది. సాయంత్రానికి ఎత్తాడు.

"ఇందాకే ముందుది ఊడదీశానత్తా. వెనకదానికి సీలు ఉంది, అది పగలగొట్టాలి. సోమవారం వెళ్తా."

"వద్దు."

"ఏం వద్దు?"

"ముట్టుకోకు. తీసినది తెచ్చి బిగించు. నా ముద్ర ఉన్న కాగితం నాకిచ్చేయ్."

"కుగా చెప్పాడు, రేకు ముక్క కోసం లక్షణంగా వచ్చిన బేరం పోగొట్టావట. మార్చి అయ్యేలోగా ఎవడొస్తాడు? రాకపోతే దాన్ని నీ స్నానాల గదిలో పెట్టుకుంటావా?"

"పెట్టుకుంటా. నీకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకి."

తిట్టింది గానీ రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. వాడన్నది నిజమే. పాత కార్ల సంఘం వాళ్ళు ఒకరిద్దరు వచ్చారు. సువా నుంచి వచ్చినాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు, కానీ సువాకు ఇప్పుడు మత్సుమోతో కాదు, తన పేరుతోనే సొంత ప్లేటు. కొండకు అటు పక్కే కదా అని ఆయన బతిమాలుతుంటే సుమియె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. చివరికి వేడినీటి స్నానశాల గోడ మీద కాగితం అంటించింది: కారుకు యజమాని కావాలి, మత్సుమోతో నంబరు వచ్చే చోట గ్యారేజీ ఉన్నవాళ్ళే రావాలి. దాన్ని చూసి ఆడవాళ్ళు నవ్వారు. "పెళ్ళికొడుకును వెతుకుతున్నట్టుందే," అంది ఒకావిడ వీపు రుద్దుకుంటూ.

వచ్చింది పెళ్ళికొడుకు కాదు. ఓమాచిలో ఆనకట్ట దాకా బస్సు నడిపే చిహారు అనే ఆవిడ. నలభై దాటిన మనిషి, మోచేతుల దాకా చొక్కా చేతులు మడిచి, కారును చూసి ముందు అడిగిన మాట, "మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు దీని మీద పడనివ్వకూడదు కదండీ?"

"చలికాలం రోడ్డెక్కించకూడదు."

"మాకూ చలికాలం ఆనకట్ట దారి మూసేస్తారు. ఇద్దరం పడుకుంటాం."

సుమియెకు మొదటిసారి నవ్వొచ్చింది. పక్క సీట్లో కూర్చుని తిప్పమంది. అంత పెద్ద బస్సును కొండ మలుపుల్లో తిప్పే మనిషి, ఆ బుల్లి కారును వాకిలి దాటించలేక రెండుసార్లు ఆపేసింది. స్టీరింగు పక్కన గేరు కర్ర ఎటు లాగాలో తెలియలేదు.

"నీవైపు లాక్కుని కిందికి. తొందరపడకమ్మా, నీ వెనక యాభై మంది లేరు," అంది సుమియె. చెబుతుండగా తన ఎడమ కాలు, అక్కడ క్లచ్ ఉన్నట్టే, కింద రేకును నొక్కుతూనే ఉంది.

చిహారు కొంటానంది. ఇక మిగిలింది గ్యారేజీ ధ్రువపత్రం. పోలీసులు వచ్చి కొలిచి, కారు పడుతుందని రాసివ్వాలి. అది నెలాఖరు, ఊరూవాడా బండ్లు చేతులు మారే రోజులు. రోజూ ఫోను పక్కన కూర్చునేది సుమియె. చిహారు వాళ్ళ గ్యారేజీలో మామగారి నాగలి యంత్రం ఉందట, దాన్ని తీస్తే గాని ఒప్పుకోమన్నారట. మామగారు తియ్యనన్నాడట.

"మీ మామగారికి నేను చెప్పనా?" అంది సుమియె.

"వద్దండీ, ఆయనకు చెవుడు. నేనే చెబుతా."

ఏం చెప్పిందో, యంత్రం కదిలింది. షెడ్డు ఖాళీ చెయ్యాల్సిన చివరి రోజున కాగితం చేతికొచ్చింది. ఇద్దరూ రవాణా ఆఫీసుకు వెళ్ళారు. బారులు తీరిన జనం. కిటికీ వెనక కుర్రాడు కాగితాలు తిప్పుతూ అలవాటుగా చెయ్యి చాపాడు. "ప్లేట్లు?"

చిహారు కిటికీ మీదికి వంగింది.

"ప్లేట్లు బండికే ఉంటాయి. ఓమాచి కూడా మత్సుమోతోనే. ఒకసారి చూడు నాయనా."

కుర్రాడు చూశాడు. మళ్ళీ చూశాడు. తల వంచి, "అవునండీ, మార్చక్కర్లేదు," అని ముద్ర వేశాడు. సుమియె అక్కడున్న బెంచీ మీద కూలబడి, నీళ్ళు కావాలా అని ఎవరో అడిగితే వద్దంది.

ఎండాకాలం చిహారు కారును కడిగి, మెరిసేలా తుడిచి, ఫ్లాటు కిందికి తెచ్చేది. సుమియె పై నుంచి దిగివచ్చి, వెనక మూల ఒకసారి చూసి, టీ ఇచ్చి పంపేది. శరదృతువు మధ్యలో ఒకనాడు చిహారు మళ్ళీ వచ్చింది. ఎక్కడికి వెళ్తున్నావని అడిగితే, "ఎక్కడికీ లేదండీ, మీకు చూపిద్దామని," అంది. చలికాలం దారులు మూసే ముందు వాళ్ళు కలవడం అదే చివరిసారి.

"ఇక చూపించడానికి తీసుకురాకు," అంది సుమియె. "మా అన్న చివరిదాకా చేసింది అదే. నీకేదైనా పనుంటే దాని మీద వెళ్ళు. దారిలో బురద పడితే పడనీ."