రెప్పలార్పిన దిష్టిబొమ్మ

ఆ రోజుల్లో నా ధైర్యం గురించి కథలు కథలుగా చెప్పుకునేవారు (చెప్పేది నేనే, వినేది మా ఆవిడ). కొత్తగా పెళ్లయి, హైటెక్ సిటీ అద్దాల మేడల వెనక, రాళ్లగుట్ట పక్కన, ఓ అవ్వ ఇంట్లో వెనక వాటాకి కిరాయికి దిగాం. పెరడు ఎంతంటే, ఈ చివర తుమ్మితే ఆ చివర మర్నాడు వినిపించేది (కొలిస్తే రెండు కార్లు పడతాయి). కాకినాడ నుంచి వచ్చాక మా ఆవిడ మొదటిసారి నవ్వింది ఆ పెరట్లోనే. శివరాత్రి వెళ్లాక బీరపాదు పెట్టాం. పన్నెండు గింజలు వేస్తే పద్నాలుగు మొలకల్ని ఎలకలు కొరికేశాయి. నాకు రోషమొచ్చి దిష్టిబొమ్మ చేశాను: నా పాత ఆఫీసు చొక్కా, గడ్డి కూరిన మెడ, దాని మీద బోర్లించిన కుండ. అందరిలా సున్నంతో ముఖం గీస్తే పోయేది. ఇంజనీర్ని కదా, డ్రిల్లుతో కళ్లు తొలిచి, నోరు పిడికిలి దూరేంత తెరిచాను.

ఉగాది దాటాక ఓ సాయంత్రం గాలి స్తంభించింది. గుట్ట మీద నెమళ్లు కూడా నోరు మూసుకున్నాయి. పాదుకి నీళ్లు పోస్తూ తలెత్తితే, బొమ్మ నన్నే చూస్తోంది. పసుప్పచ్చని కళ్లు. రెప్పలార్పింది. తర్వాత ఆ కళ్లు, ముఖం కదలకుండానే, మెల్లగా వెనక్కి తిరిగిపోయాయి. కుండలోంచి ముసలమ్మ కిచకిచ నవ్వినట్టు చప్పుడు. బకెట్టు నాకంటే ముందు ఇంట్లోకి చేరింది.

కేక విని వచ్చిన అవ్వ దూరం నుంచే చూసి తేల్చేసింది. "గుడ్లగూబ జొచ్చింది బిడ్డా. ఇగ ఆర్నెల్లు ఇల్లు పాడువెట్టాలె. వేరే ఇల్లు చూసుకోండ్రి."

మా ఆవిడ ముఖం వాడిపోయింది. అయినా వదల్లేదు. "ఇంట్లోకి రాలేదండీ, బొమ్మలోకి వచ్చింది. ఖాళీ చేయిస్తే బొమ్మని చేయించండి."

అవ్వ ఆలోచించింది. "గదీ నిజమే. రేపు పొద్దుగూకేలోపు కుండ పగలగొట్టి, లోపల ఏం లేదని చెప్పు. ఉందురు."

మర్నాడు సాయంత్రం కర్ర పట్టుకుని, యుద్ధానికి పోయేవాడిలా పోయి, కుండ నోట్లోకి తొంగిచూశాను. దూదిపింజల్లాంటి పిల్లలు మూడు. ఆరు కళ్లు, ఒక్కసారిగా, నా వైపే. కర్ర కిందికి దిగింది.

"అవ్వా! లోపల ఏం లేదు!" అని అరిచాను. ఆ మాట పూర్తికాకుండానే మూడూ కలిసి కిచకిచలాడాయి.

అవ్వ కుండ వైపో చూపు, నా వైపో చూపు విసిరింది. "ఏం లేదంటివి గద, మంచిగయింది. ఆ ఏం లేనిదాన్ని కాకులు పొడవకుండ పైన జర గోనెపట్ట కప్పు."

ఇప్పుడు ఆఫీసులో చెమట పట్టకుండా ఎన్ని అబద్ధాలో ఆడేస్తున్నాను. కాళ్లు వణుకుతూ ఆడింది ఆ ఒక్కటే. అప్పట్లో నేనైన ఆ కుర్రాడు ఎక్కడైనా ఎదురైతే, ఓ టీ ఇప్పించి కాసేపు కూర్చోబెట్టుకోవాలనుంది.