నలభై ఇళ్లకీ నా నంబరే

ఆ రోజుల్లో, బెంగాలీవాళ్ల నగరంలో మా తెలుగువాళ్లుండే ఏక్‌బాల్‌పూర్ కార్పొరేషన్ క్వార్టర్లలో నా అంత ముఖ్యమైన మనిషి ఇంకొకరు లేరనుకునేదాన్ని. పంతొమ్మిదేళ్ల పిల్లకి అంత పొగరెందుకంటే, ఆధార్ దగ్గర్నుంచి ఆసుపత్రి చీటీ దాకా ఎక్కడ ఫోన్ నంబరు అడిగినా నలభై ఇళ్లవాళ్లూ నాదే రాయించేవారు. వచ్చిన మెసేజ్ చదివి చెప్పగలిగేదాన్ని నేనొక్కదాన్నే మరి. (రేషన్ ఆఫీసు బెంగాలీ బాబు ఓసారి కళ్లద్దాలు తీసి, "నీకు మొత్తం ఎంతమంది అమ్మలమ్మా?" అని అడిగాడు.) పొద్దున్నే కుళాయి దగ్గర బకెట్ల వరసలో నిలబడి, రేడియోలో వార్తల్లా గొంతు సవరించుకుని అందరివీ గట్టిగా చదివేదాన్ని. ఎవరి గ్యాసు బండ వస్తోందో, ఎవరి కొడుకు బడి ఎగ్గొట్టాడో వాడంతా తెలిసిపోయేది. జనం పడీపడీ నవ్వేవారు, నేను మరింత రెచ్చిపోయేదాన్ని.

ఒకరోజు ఎదురింటి పిన్ని పేరు మీద మెసేజ్ వచ్చింది. ముందు మనసులో చదువుకుందామన్న బుద్ధుంటేనా! "ఈ నెల టీబీ మాత్రలు తీసుకెళ్లలేదు, వెంటనే రండి" అని కంచుగొంతుతో చదివేశాను. బకెట్ నిండి నీళ్లు పొర్లిపోతున్నా పిన్ని కుళాయి కట్టెయ్యలేదు. "ఏటే గుంటా, అందరి ముందరా అనేసినావు" అంది, అంతే. పిన్ని అలీపూర్‌లో బెంగాలీవాళ్లింట్లో వంట చేసేది. ఆ వరసలోనే ఉన్న ఒకావిడ అదే మేడలో గిన్నెలు తోమేది. సాయంత్రానికల్లా పిన్ని పని ఊడింది. ఇక ఎవరికీ అంటదని డాక్టరు చెప్పాడని ఎంత మొత్తుకున్నా ఆ ఇంటి యజమానురాలు దీదీ తలుపు తియ్యలేదు.

ఆదివారం అందరూ మెట్ల దగ్గర కూచున్నారు. మా అమ్మే ముందు లేచి, "దీని నోటికి తాళం ఎయ్యండి" అంది. గంటసేపు అరుచుకుని చివరికి ఒక కట్టుబాటు పెట్టారు. ఎవరి మెసేజ్ వాళ్ల చెవిలోనే చదవాలి, వాళ్లెదురుగానే చెరిపెయ్యాలి, మూడో మనిషితో అనకూడదు. "మన గుట్టు మనందరం కాసుకోవాల. ఈ గుంట సొత్తు కాదది" అంది మా నాన్నమ్మ.

ఆ మాట నేను జవదాటలేదు. కొన్నాళ్లకి, మందులు పూర్తయ్యాయి, జబ్బు నయమైందని పిన్నికి మెసేజ్ వచ్చింది. చెవిలో చదివి, చెరిపేసి, నోరు మూసుకున్నాను. ఎంత బుద్ధిమంతురాలినయ్యానో అని మురిసిపోయాను కూడా.

మొన్న హౌరా స్టేషన్లో పిన్ని కనిపించింది, పలాస బండి కోసం కూచునుంది. ఆ రోజు తర్వాత ఆవిణ్ణి ఎవరూ వంటకి పెట్టుకోలేదు, ఇన్నేళ్లూ రోడ్లే ఊడ్చింది. పక్కన చేరి, "ఒంట్లో బాగుంటోందా పిన్నీ?" అని గుసగుసగా అడిగాను.

ఆవిడ పకపకా నవ్వింది. "గట్టిగా అడగే, ఏటి భయం? రోగమొచ్చిందని ఊరందరికీ సెప్పినావు. 'తగ్గిపోనాదని కూడా సెప్పెయ్యమంతావా పిన్నీ' అని నన్నో మాటడగనేదేటే?"

నేనూ నవ్వాను, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా. నోరు మూసుకుంటే చాలు, చేసిన తప్పు దిద్దుకున్నట్టే అనుకున్నాను ఆ వయసులో, పిచ్చిమొహాన్ని.