కరిచాడా, కరిచిందా?

మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడను అందరూ మిషనమ్మ అంటారు. భర్త లారీ నడుపుతాడు, ఇంటికి చుట్టపుచూపుగా వస్తాడు. ఇంట్లో ఉండేది ఆవిడ, నాలుగేళ్ళ కూతురు, ఒక కుక్క. వానలో మురుగుకాలవ నుంచి ఆ కుక్కపిల్లను తీసి, గుడ్డముక్కల్లో చుట్టి పెంచింది. చిన్నోడని పిలుస్తుంది. "అది తిన్నదా?" అంటే "వాడు తిన్నాడు" అని మన మాట దిద్దుతుంది. దిద్దినా మారనివాళ్ళ బట్టలు ఆలస్యంగా వస్తాయి. నావి చాలాసార్లే వచ్చాయి.

ఒక మధ్యాహ్నం చిన్నోడు మిషను కింద నిద్రపోతుంటే పిల్ల వాడికి చొక్కా తొడగబోయింది. వాడు ఉలిక్కిపడి లేచి చెయ్యి కరిచేశాడు. అరుపు విని నేను పరుగున వెళ్ళేసరికి మిషనమ్మ ఆ చేతిని కుళాయి కింద పెట్టి సబ్బుతో కడుగుతోంది. మేడమీద ఉండే ఇంటి యజమాని మెట్లమీంచే గద్దించాడు.

"చెప్పానా లేదా? మీరు తిరిగొచ్చేలోగా ఆ కుక్కను మునిసిపాలిటీ బండెక్కించేస్తా!"

మిషనమ్మ చిన్నోణ్ణి లోపల పెట్టి తాళం వేసింది. "పిన్నీ, మీరూ రండి" అంది. పిలవకపోయినా వెళ్ళేదాన్నే.

ఆసుపత్రిలో ఆవిడ చీటీ కోసం వరసలో నిలబడింది. పిల్లను మంచం మీద కూర్చోబెట్టి, పక్కమంచం అతని కాలు ఎలా విరిగిందో కనుక్కుంటున్నాను. ఇంతలో నర్సు వచ్చింది.

"ఏమైంది తల్లీ?"

"చిన్నోడు కరిచాడు."

"ఎన్నేళ్ళు వాడికి?"

"రెండు."

"తమ్ముడా?"

పిల్ల దర్జాగా తలూపింది. నర్సు నవ్వింది. "మా ఇంట్లోనూ ఉన్నాడొకడు, అందర్నీ కొరుకుతాడు. డాక్టరుగారూ, తమ్ముడు కరిచాడట. కట్టు కట్టి పంపించేద్దామా?"

డాక్టరు వంగి గాయం చూశాడు. "తమ్ముడికి కోరలున్నాయేంటమ్మా?"

నేను నోరు తెరవబోయాను. పిల్ల తన మంచి చేత్తో నా నోరు మూసేసింది. "అమ్మమ్మా, చెప్పకు. కుక్కంటే మేడమీది తాతయ్య బండెక్కిస్తాడు!"

అప్పుడే మిషనమ్మ చీటీతో వచ్చింది. "ఏం కరిచిందమ్మా?" అని డాక్టరు అడిగాడు. ఆవిడ కూతురి వంక చూసింది. కుక్క అన్న మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు.

"కుక్కండీ. మా కుక్కే కరిచింది. ఎన్ని సూదులుంటే అన్నీ వెయ్యండి."

"అమ్మా! కరిచాడు అను!" అని పిల్ల ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది. గాయం చుట్టూ సూదులు గుచ్చినప్పుడు కూడా అంత ఏడవలేదు.

"నీకేమైనా అయితే నేనేం కావాలే?" అని తల్లి దాని తల గుండెకు అదుముకుంది.

మళ్ళీ సూదులకు ఎప్పుడు రావాలో చెప్పి, డాక్టరు అన్నాడు. "ఆ కుక్కను పది రోజులు కట్టేసి కళ్ళముందే ఉంచుకోండి. జబ్బు చేసినా, చచ్చినా, కనపడకపోయినా వెంటనే వచ్చి చెప్పాలి."

మిషనమ్మ కళ్ళు మెరిశాయి. "ఇంకోసారి చెప్పండి. మా పిన్ని కూడా వింటుంది."

విన్నాను. నేను విన్నది వీధి మొత్తం విన్నట్టే.

తిరిగి వచ్చేసరికి గుమ్మం ముందు కుక్కల బండి నిలబడి ఉంది. వలవాడి పక్కన మేడమీదాయన.

"తాళం తియ్యి."

"తియ్యను."

"ఇల్లు నాదా, నీదా?"

"ఇల్లు మీదే. కరిపించుకున్న పిల్ల నాది. పది రోజులు కళ్ళముందు ఉంచుకోమన్నారు. మీరు పట్టించేస్తే నేను బండి వెనక పరిగెత్తి చూడాలా?"

"ఎవరు చెప్పారట?"

ఇక నేనందుకున్నాను. డాక్టరు చెప్పింది చెప్పినట్టు, వీధి చివరిదాకా వినపడేలా అప్పజెప్పాను. వలవాడు వల చుట్టేశాడు. "డాక్టరు చూడమన్నదాన్ని నేను ముట్టుకోను బాబాయ్. రేపు పాపకేమైనా అయితే నా పీకకు చుట్టుకుంటుంది" అని బండెక్కి వెళ్ళిపోయాడు.

"పది రోజులయ్యాక ఏం చేస్తావు?" అన్నాడు మేడమీదాయన, పళ్ళు కొరుకుతూ.

"అప్పుడూ రండి. అడ్డం నిలబడేది నేనే."

పిల్లను నాకిచ్చి ఆవిడ గుమ్మానికి అడ్డంగా బాసిపట్టు వేసుకుని కూర్చుంది. ఆయన మెట్లెక్కి తలుపేసుకున్నాడు.